మామూలుగా మారిన టిప్పు: ఓర్లాండో సెలవుల లెక్క

మా నాన్నగారు తెనాలి డిపోలో 31 ఏళ్ళు ఆర్టీసీ కండక్టరుగా పనిచేసి రిటైరయ్యారు. గ్రాట్యుటీ అన్న మాటకు ఆయనకు తెలిసిన అర్థం ఒక్కటే. కనీసం ఐదేళ్ళు పనిచేసిన ఉద్యోగి కొలువు దిగేటప్పుడు, సర్వీసులో గడిచిన ప్రతి ఏడాదికీ 15 రోజుల జీతం చొప్పున లెక్కగట్టి యాజమాన్యం చేతిలో పెట్టే సొమ్ము అది. 1972 నాటి చట్టం ఇచ్చిన హక్కు. మా ఇంటి పైఅంతస్తు ఆ డబ్బుతోనే లేచింది. అందుచేత 2025 మార్చి చివర ఓర్లాండోలో ఒక రెస్టారెంటు బిల్లు మీద ఆ మాట కనిపించినప్పుడు ఆయన కళ్ళజోడు సవరించుకుని రెండుసార్లు చదివి, “యాభై నిమిషాలకే గ్రాట్యుటీ ఏమిట్రా?” అని అడిగారు. నేను నవ్వి ఊరుకున్నాను. ఊరుకోకుండా ఆ వరుసను నేనూ ఒకసారి చదివి ఉంటే నాకు 41 డాలర్ల 83 సెంట్లు మిగిలేవి.

జరిగింది చిన్న విషయమే. షార్లెట్ నుంచి ఎనిమిది గంటలు కారు నడుపుకుంటూ వెళ్ళిన మేము ఆరుగురం: అమ్మ, నాన్న, నేను, నా భార్య, ఇద్దరు పిల్లలు. రోజంతా డిస్నీ వినోద పార్కులో తిరిగి, సాయంత్రం బయటికి వచ్చి, దారిలో కనిపించిన ఒక రెస్టారెంటులో కూర్చున్నాం. తిన్నది 168 డాలర్ల భోజనం. దాని మీద ఆరెంజ్ కౌంటీలో అమ్మకపు పన్ను ఆరున్నర శాతం, అంటే 10.92. ఆరుగురు గానీ అంతకు మించి గానీ కూర్చున్న బల్లకు 18 శాతం గ్రాట్యుటీ వాళ్ళే కలిపేస్తారు కాబట్టి మరో 30.24. మొత్తం 209.16 అయింది. ఇంతవరకూ మెనూ అడుగున చిన్న అక్షరాల్లో చెప్పి ఉన్నదే. ఆ తరువాత వడ్డించిన అమ్మాయి చేతిలో ఇమిడే కార్డు మిషను తెచ్చి నా ముందు పట్టుకుంది. తెర మీద 18, 20, 22 అని మూడు గడులున్నాయి. చిన్నవాడు నిద్రకు ఏడుస్తున్నాడు, అమ్మాయి ఎదురుచూస్తోంది, నేను మధ్య గడి నొక్కాను. ఆ 20 శాతాన్ని మిషను 168 మీద కాక 209.16 మీద లెక్కగట్టింది. పన్ను మీదా టిప్పు ఇచ్చాను, టిప్పు మీదా టిప్పు ఇచ్చాను. పార్కింగు స్థలంలో నా భార్య రసీదు చూసి చెప్పేదాకా, 168 డాలర్ల భోజనానికి 250.99 కట్టి వచ్చిన సంగతి నాకు తెలియనే లేదు.

తిరిగి వెళ్ళి అడగలేదు. అడిగితే ఇచ్చేసేవారేమో కూడా. కానీ హోటలుకు చేరేదాకా కారులో నడిచిన చర్చ ఆ నలభై డాలర్ల గురించి కాదు. అమెరికాలో ఇన్నేళ్ళుగా ఉంటూ, టిప్పు ఇవ్వడం సంస్కారమని పిల్లలకు చెబుతూ, ఇచ్చేటప్పుడు మాత్రం ఏం ఇస్తున్నానో ఎందుకు ఇస్తున్నానో చూసుకోని స్థితికి నేనెలా వచ్చానన్నది అసలు ప్రశ్న. దానికి నాకు దొరికిన జవాబు ఇది: ఈ సెలవుల్లో టిప్పు కానుకగా ఉండడం ఎప్పుడో మానేసింది. అది ధరలో ఒక ముక్క. ఒకే ధరగా చెబితే కొనేవాడు బెదిరిపోతాడని ముక్కలు చేసి, ఒక్కో ముక్కను ఒక్కో మలుపులో పెట్టారు. అన్నిటికన్నా చివరి ముక్కకు మాత్రం మన మంచితనం అని పేరు పెట్టారు.

మన భాషలో దీనికి సరిపోయే మాట ఉంది. హైదరాబాదువారు బక్షీసు అంటారు, పాతకాలపువారు ఈనాము అనేవారు. ఆ రెండింటిలోనూ ఇచ్చేవాడి ఇష్టం కనబడుతుంది. మామూలు అన్నది వేరు. ఎప్పుడూ జరిగేది అని దాని అర్థం. అదే మాట ఆఫీసుల్లోనూ చెక్‌పోస్టుల్లోనూ, ఇవ్వకపోతే పని కదలని సొమ్ముకు పేరైంది. ఇష్టంగా మొదలై, అలవాటై, చివరికి రేటుగా స్థిరపడిన సొమ్మును ఒక్క ముక్కలో చెప్పే మాట అది. టిప్పు లంచమని నేను అనడం లేదు; వడ్డించిన అమ్మాయి చేసినది నిజాయితీ గల పని. కానీ ఇవ్వకపోతే తలవంపులు, ఇస్తే కృతజ్ఞత లేదు, ఎంతన్నది ముందే నిర్ణయమై ఉంటుంది. మామూలు లక్షణాలు ఇవే. ప్యూ పరిశోధన సంస్థ 2023లో సర్వే చేస్తే అమెరికన్ వయోజనుల్లో 72 శాతం మంది, ఐదేళ్ళ కిందటి కన్నా ఇప్పుడు ఎక్కువ చోట్ల టిప్పు ఆశిస్తున్నారని చెప్పారు. అంటే ఇది నాన్నగారి లాంటి కొత్తవారికి మాత్రమే కలిగిన విస్మయం కాదు.

చట్టం వైపు నుంచి చూస్తే నా పొరపాటు ఇంకా విచిత్రంగా కనిపిస్తుంది. అమెరికా ఆదాయపు పన్ను శాఖ 2012లో ఇచ్చిన వివరణ ప్రకారం, ఒక చెల్లింపును టిప్పు అనాలంటే అది బలవంతం లేనిదై ఉండాలి, ఎంతన్నది ఇచ్చేవాడే నిర్ణయించుకోవాలి, యజమాని విధానం దాన్ని శాసించకూడదు, ఎవరికి చెందాలో చెప్పే హక్కు సాధారణంగా ఇచ్చేవాడికే ఉండాలి. ఆరుగురు కూర్చుంటే 18 శాతం అని యాజమాన్యమే కలిపినది వీటిలో నిలవదు కాబట్టి అది సర్వీసు చార్జీ. ఉద్యోగికి చేరితే మామూలు జీతంగానే లెక్క. 2025 జులై 4న సంతకమైన కొత్త పన్ను చట్టం టిప్పుల మీద ఏడాదికి 25,000 డాలర్ల వరకు మినహాయింపు ఇచ్చినప్పుడు కూడా స్వచ్ఛందంగా ఇచ్చిన వాటికే ఇచ్చింది. ఈ లెక్కన ఆ రాత్రి బిల్లు మీద గ్రాట్యుటీ అని అచ్చయిన 30.24 టిప్పు కాదు. తొందరలో, చూడకుండా, రెండోసారి నొక్కిన 41.83 మాత్రమే చట్టం గుర్తించే స్వచ్ఛందమైన టిప్పు.

అయితే కోపం ఆ అమ్మాయి మీద చూపించడం అన్యాయం. ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. అంతర్యుద్ధం తరువాత పుల్‌మన్ రైలు కంపెనీ, బానిసత్వం నుంచి బయటపడిన నల్లజాతి పురుషులను పెట్టెల్లో పరిచారకులుగా పెట్టుకుని, జీతం నామమాత్రంగా ఇచ్చి, మిగిలినది ప్రయాణికుల చేతి నుంచి ఏరుకోమంది. ఆ పోర్టర్లు ఎ. ఫిలిప్ రాండాల్ఫ్ నాయకత్వంలో 1925లో సంఘం కట్టుకుని, కంపెనీతో ఒప్పందం కుదుర్చుకోవడానికి 1937 దాకా పోరాడవలసి వచ్చింది. ఆ రోజుల్లో టిప్పు అమెరికన్ సమానత్వానికి తగని దొరల అలవాటని చాలామంది ఈసడించుకునేవారు. వాషింగ్టన్ రాష్ట్రం 1909లో దాన్ని చట్టంతో నిషేధించింది, మరికొన్ని రాష్ట్రాలు అదే బాట పట్టాయి, 1926 నాటికి ఆ చట్టాలన్నీ రద్దయిపోయాయి. 1966లో ఫెడరల్ చట్టమే టిప్పును జీతంలో భాగంగా లెక్కవేసుకోవడానికి యజమానికి అనుమతి ఇచ్చింది. ఫెడరల్ కనీస వేతనం 2009 నుంచి గంటకు 7.25 డాలర్లు కాగా, టిప్పులు అందే ఉద్యోగికి యజమాని తన జేబు నుంచి ఇవ్వవలసినది 1991 నుంచి ఇప్పటిదాకా 2.13 డాలర్లు మాత్రమే. తేడా టిప్పులతో పూడాలి. పూడకపోతే యజమాని పూడ్చాలి.

ఫ్లోరిడా అంత కఠినంగా లేదు. 2020లో ఓటర్లు ఆమోదించిన సవరణ ప్రకారం అక్కడి కనీస వేతనం ఏటా ఒక డాలరు చొప్పున పెరుగుతూ 2026 సెప్టెంబరు 30కి 15 డాలర్లకు చేరుతుంది. మేము వెళ్ళిన నాటికి అది 13. టిప్పులందే వారికి అందులో 3.02 తగ్గించి, 9.98 ఇస్తే యజమానికి సరిపోయేది. అంటే ఆ అమ్మాయి గంట కష్టంలో మూడు డాలర్ల రెండు సెంట్లు చట్టప్రకారమే నా పద్దులో రాసి ఉన్నాయి. పైగా చాలా రెస్టారెంట్లలో వడ్డించేవారు తమ అమ్మకాలను బట్టి, బల్లలు తుడిచేవారికీ బారు దగ్గర పనిచేసేవారికీ వాటా పంచాలి. నేను సున్నా పెట్టి లేచివస్తే, నా బల్లకు వడ్డించినందుకు ఆమెకే ఎదురు ఖర్చు.

ఇక అసలు ధర సంగతి. ఈ సెలవులు ఖరీదెక్కాయని అందరూ అంటారు. నాకు అంతకన్నా ఆసక్తికరంగా తోచింది ధర నడిచిన తీరు. 1971 అక్టోబరు 1న ఫ్లోరిడాలో వాల్ట్ డిస్నీ వరల్డ్ తెరిచినప్పుడు పెద్దవారి ప్రవేశ రుసుము మూడున్నర డాలర్లు. దానితో లోపలికి వెళ్ళవచ్చు, అంతే. ఒక్కో ఆట ఎక్కడానికి ఎ నుంచి ఇ దాకా అక్షరాల కూపన్లు ఉండేవి; చప్పటివి ఎ, గుండె జారేవి ఇ. కాలిఫోర్నియాలోని డిస్నీల్యాండ్‌లోనూ కూపన్ల పద్ధతే. అంటే మొదట్లో ధర ముక్కలుగానే ఉండేది. 1982లో ఫ్లోరిడాలో రెండో పార్కు ఎప్‌కాట్ తెరుచుకున్న కాలంలో కూపన్లు తీసేసి, ఒక్క టికెట్టుతో రోజంతా ఏదైనా ఎన్నిసార్లయినా ఎక్కే పద్ధతి పెట్టారు. 1999లో ఫాస్ట్‌పాస్ వచ్చింది. ఫలానా గంటకు రమ్మని కాగితం చీటీ ఇచ్చేవారు, ఆ గంటకు వెళ్తే పెద్ద వరస తప్పేది, దానికి రుసుము లేదు. 2021 అక్టోబరులో అదే సౌకర్యానికి జీనీ ప్లస్ అని పేరు పెట్టి మనిషికి రోజుకు 15 డాలర్ల నుంచి వసూలు మొదలుపెట్టారు. 2024 జులైలో అది లైట్నింగ్ లేన్ మల్టీ పాస్ అయింది. మరీ గిరాకీ ఉన్న ఆటలకు విడిగా సింగిల్ పాస్. ఆ ఏడాది అక్టోబరు చివర, వేళ చూసుకోనవసరం లేని ప్రీమియర్ పాస్, పార్కునూ తేదీనీ బట్టి మనిషికి రోజుకు 129 నుంచి 449 డాలర్లు. చూస్తే ఇ అక్షరం కూపను నలభై ఏళ్ళు అజ్ఞాతంలో ఉండి, ఫోనులోకి తిరిగి వచ్చింది.

ప్రవేశ టికెట్టు మాత్రం తగ్గలేదు. ఫ్లోరిడాలోని మొదటి పార్కు మ్యాజిక్ కింగ్‌డమ్‌లో ఒక రోజు టికెట్టు 2015లో వంద డాలర్లు దాటింది; 2018 నుంచి తేదీని బట్టి మారుతోంది; 2025లో అత్యంత రద్దీ రోజుల ధర 199 డాలర్లు, 2026 చివరి సెలవులకు ప్రకటించినది 200 దాటేసింది. పార్కింగు, మేము వెళ్ళిన నాటికి, 30 డాలర్లు. నాన్నగారు దాన్ని 86తో హెచ్చవేసి, కారు నిలబెట్టినందుకు రెండు వేల ఐదు వందల ఎనభై రూపాయలా అని అడిగారు. డాలర్లను రూపాయల్లోకి మార్చి బాధపడడం తప్పని మేమందరం అమెరికాకు వచ్చిన మొదటి ఏడాదే నేర్చుకుంటాం. ఇరవై ఏళ్ళ తరువాత ఆలోచిస్తే, ఆ అలవాటు మానేసినందువల్లే నాకు వస్తువుల వెల తెలియకుండా పోయిందేమో అనిపిస్తోంది.

అమ్మకు మాత్రం ఈ రెండు వరసల పద్ధతి క్షణంలో అర్థమైంది. డెబ్బై నిమిషాల వరసలో నిలబడి, పక్కనుంచి చకచకా వెళ్ళిపోతున్నవాళ్ళను చూసి, “కొండమీద మూడు వందల టికెట్టు కదూ?” అంది. అవును, అదే. సర్వదర్శనం వరస ఎదురుగా శీఘ్రదర్శనం వరస. ఒక తేడా ఉంది. తిరుమలలో ఆ 300 పండగ రోజుకు ఒక రేటు, మామూలు రోజుకు ఒక రేటు కాదు. అక్కడ టికెట్టు దొరకడమే కష్టం గానీ ధర తెలుసుకోవడం కష్టం కాదు. ఇక్కడ టికెట్టు సాధారణంగా దొరుకుతుంది, ధర మాత్రం కొనే రోజున చూసుకోవాలి. రద్దీని అదుపులో పెట్టడానికి ధర పెంచడమొక్కటే మార్గమని పార్కులవారి వాదన. అందులో కొంత నిజముంది, జనం తగ్గిన రోజున తక్కువ ధరకు వెళ్ళగలిగినవారికి అది మేలే. కానీ బడి సెలవులకు తప్ప కదలలేని కుటుంబానికి ఆ మేలు అందదు. ఆ కుటుంబాలే ఎక్కువ.

మేము దిగిన హోటలు కథ కూడా ఇలాంటిదే, క్లుప్తంగా చెబుతాను. వెబ్‌సైటులో కనిపించిన గది అద్దె ఒకటి, కార్డు నంబరు కొట్టే చివరి పుటలో తేలినది మరొకటి. మధ్యలో రిసార్టు ఫీజు చేరింది, దాని మీద పన్ను చేరింది. మేము వెళ్ళింది మార్చి. ఆ ఏడాది మే 12 నుంచి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిబంధన అమల్లోకి వచ్చి, హోటళ్ళవారూ ప్రదర్శనల టికెట్లు అమ్మేవారూ తప్పనిసరి రుసుములన్నీ కలిపిన ధరనే మొదట చూపాలన్నది. కాలిఫోర్నియా అంతకు ముందే, 2024 జులై 1 నుంచి, దాదాపు అన్ని వ్యాపారాలకూ అలాంటి చట్టం తెచ్చింది. అయితే అమలుకు రెండు రోజుల ముందు రెస్టారెంట్లకు మినహాయింపు ఇచ్చేసింది. మెనూలో స్పష్టంగా రాస్తే వాళ్ళు విడిగా వసూలు చేసుకోవచ్చు. ముక్కలు కలపమని చట్టం అడిగిన చోట కూడా భోజనం బల్లకు మాత్రం దారి వదిలారు.

ఈ మొత్తంలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసినది ఎవరికి టిప్పు ఇస్తాం, ఎవరికి ఇవ్వం అన్న విభజన. అమ్మకు మోకాళ్ళ నొప్పులు. ఒక ఆట దగ్గర కదులుతున్న పట్టా మీద నుంచి బండిలోకి ఎక్కాలి. అక్కడున్న కుర్రవాడు ఆమె భయం గమనించి, పట్టాను నెమ్మదింపజేసి, చెయ్యి అందించి కూర్చోబెట్టి, అడ్డుకడ్డీ రెండుసార్లు లాగి చూశాడు. దిగేటప్పుడు నాన్నగారు ఐదు డాలర్ల నోటు తీసి ఇవ్వబోతే, ఆ కుర్రవాడు రెండడుగులు వెనక్కి వేసి, తాము తీసుకోకూడదని చెప్పాడు. పెద్ద పార్కుల్లో నియమం అదే. ఆటలు నడిపేవారు, దారులు ఊడ్చేవారు, ఎండలో బొచ్చు వేషం తొడుక్కుని పిల్లలను కౌగిలించుకునేవారు టిప్పు తీసుకోరు. రెస్టారెంటులో వడ్డించేవారు, పానీయాలు పోసేవారు, సామాను మోసేవారు తీసుకుంటారు. మా ఆరుగురి ప్రాణాలు ఎవరి చేతిలో ఉన్నాయో వారికి ఇవ్వకూడదు, పళ్ళెం తెచ్చినవారికి ఇవ్వకుండా ఉండకూడదు. సేవ నాణ్యతను బట్టి టిప్పు అనే మాట ఈ ఒక్క పోలికతో నిలవకుండా పోతుంది. టిప్పు ఎక్కడ ఉంటుందంటే, జీతాన్ని కొనుగోలుదారు మీదికి నెట్టడానికి చట్టమూ ఆచారమూ ఒప్పుకున్న చోట.

జీతం తక్కువ కాబట్టే టిప్పు అన్న సమాధానం కూడా అంతటా పొసగదు. కాలిఫోర్నియాలో టిప్పులను జీతంలో లెక్కవేసుకోవడానికి వీల్లేదు. వడ్డించేవారికి రాష్ట్ర కనీస వేతనం పూర్తిగా ఇవ్వాలి, అది 2026లో 16.90. డిస్నీల్యాండ్ ఉన్న అనహైమ్ నగర ఓటర్లు 2018లో ఆమోదించిన ఎల్ అనే కనీస వేతన చట్టం తనకు వర్తించదని డిస్నీల్యాండ్ వాదిస్తే, 2023లో అప్పీలు కోర్టు వర్తిస్తుందని తీర్పు చెప్పింది, 2024లో 23 కోట్ల 30 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది. టికెట్టు ధర పెరిగితే అది దానంతటదే పనివారికి చేరదు. ఓటో సంఘమో కోర్టో మధ్యలో ఉండాలి. ఓర్లాండోలోనూ సంఘాల ఒప్పందంతోనే 2023 చివరికి డిస్నీ వరల్డ్ కనీస వేతనం 18 డాలర్లకు వచ్చింది. ఇంత జరిగాక కూడా అనహైమ్ చుట్టుపక్కల వడ్డించినవారి మిషను మీదా అవే గడులు, 18, 20, 22. జీతం పెరిగిన చోట శాతం తగ్గలేదు. శాతం కాబట్టి భోజనం ధర పెరిగిన కొద్దీ టిప్పు కూడా దానంతటదే పెరుగుతుంది. దాని పైన శాతాన్నే 15 నుంచి 20కి జరిపారు. ఒకే పెంపును రెండుసార్లు కడుతున్నాం.

జపానులో అదే ఎలుక, అలాంటి కోటే ఉన్నాయి. టోక్యో డిస్నీల్యాండ్ 1983 ఏప్రిల్‌లో తెరుచుకుంది. ఓరియెంటల్ ల్యాండ్ కంపెనీ నడుపుతుంది. ఒక రోజు టికెట్టు తేదీని బట్టి 7,900 నుంచి 10,900 యెన్‌లు, అంటే పై ధర కూడా ఫ్లోరిడా పై ధరలో సగానికి తక్కువే. టిప్పు అడిగేవారు లేరు, ఇస్తే తీసుకునేవారు లేరు. అయినా అక్కడా 2022 నుంచి వరస తప్పించుకునే సౌకర్యానికి విడిగా రుసుము మొదలైంది. కాబట్టి ధరను ముక్కలు చేసే గుణం టిప్పు ఆచారం నుంచి పుట్టిందని నేను అనలేను. టిప్పు లేకుండా వడ్డన బాగుండదన్న మాట నిజం కాదని మాత్రం అనగలను.

దీనికి ఎదురు వాదనలో బలమైనది వడ్డించేవారి వైపు నుంచే వస్తుంది. వారిలో చాలామంది ఈ పద్ధతి పోవాలని కోరుకోరు. 2024 నవంబరులో మసాచుసెట్స్‌లో టిప్పులందేవారికి పూర్తి కనీస వేతనం ఇవ్వాలా అన్న ప్రశ్న ఓటుకు వస్తే ఓడిపోయింది. వద్దన్నవారిలో రెస్టారెంటు యజమానులే కాదు, వడ్డించేవారూ ఉన్నారు. న్యూయార్కులో డానీ మేయర్ 2015లో తన రెస్టారెంట్లలో టిప్పులు తీసేసి ధరలోనే కలిపాడు, 2020లో పాత పద్ధతికి మరలాడు. రద్దీ రాత్రి మంచి బల్లలు దొరికినవారికి టిప్పుల్లో వచ్చేది ఏ జీతమూ ఇవ్వదు. నేను దీన్ని తోసిపుచ్చను. కానీ ఈ వాదన రాత్రి భోజనం వడ్డించేవారిది. పొద్దున గదులు శుభ్రం చేసేవారిది కాదు. వారికి ఎదురుగా నిలబడి తెర చూపించే అవకాశం లేదు, శాతాలూ లేవు. హోటళ్ళ సంఘం రాత్రికి ఒకటి నుంచి ఐదు డాలర్లు వదలమని సూచిస్తుంది, వదిలేవారు తక్కువ. 2014లో మారియట్ సంస్థ గదుల్లో టిప్పు కవర్లు పెట్టించినప్పుడు, అంత పెద్ద సంస్థ ఆ మాత్రం జీతం తానే పెంచవచ్చు కదా అన్న విమర్శ వచ్చింది. విమర్శ సరైనదే. అయినా కవరు లేని గదుల్లో జీతం పెరిగిందా అంటే అదీ లేదు.

మన తెలుగువారి గురించి ఒక మాట అనక తప్పదు. మాకు ఇక్కడ రెండు రకాల మిత్రులున్నారు. మనవాళ్ళు టిప్పు ఇవ్వరన్న పేరు తమ వల్లనైనా చెరిగిపోవాలని 25 శాతం ఇచ్చేవారు కొందరు. ఇది మన ఆచారం కాదు, యజమాని ఇచ్చుకోవాలని రెండు డాలర్లు పెట్టి లేచేవారు మరికొందరు. రెండోవారి సూత్రం సరైనదే, ప్రయోగమే తప్పు. నిరసన యజమానికి చేరదు. అతడికి బిల్లు పూర్తిగానే ముట్టింది. సూత్రం కోసం నష్టపోవలసినవాడు నేనై ఉండాలి గానీ, గంటకు 9.98 డాలర్ల అమ్మాయి కాకూడదు. నిజంగా నిరసన తెలపాలనుకుంటే వడ్డన ఉన్న చోటికి వెళ్ళకపోవడమే మార్గం. డిస్నీ పార్కుల్లోకి ఇంటి భోజనం తీసుకువెళ్ళవచ్చు, గాజు సీసాలు మాత్రం కూడదు; అక్కడి కౌంటర్లలో అడిగితే మంచునీళ్ళు ఊరికే ఇస్తారు. అమ్మ హోటలు గదిలో చిన్న కుక్కరు మీద వండిన పులిహోర రెండు రోజులు మధ్యాహ్నాలను గడిపింది. దాని మీద పన్ను లేదు, శాతాలు లేవు, చేసినావిడకు థాంక్స్ చెప్పడం కూడా మరిచిపోయాం.

నా వరకు నేను కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాను. కూర్చోబెట్టి వడ్డించిన చోట పన్నుకు ముందు మొత్తం మీద 18 నుంచి 20 శాతం ఇస్తాను, ముందే కలిపి ఉంటే సున్నా నొక్కుతాను. నేనే వెళ్ళి తెచ్చుకున్న కాఫీకి, నేనే వెతికి తీసుకున్న టోపీకి తెర ఎంత తిప్పి చూపించినా సున్నా నొక్కడానికి సిగ్గుపడను. గది శుభ్రం చేసేవారికి రోజూ వదులుతాను, ఎందుకంటే రేపు వచ్చేది నేడు వచ్చినావిడ కాకపోవచ్చు. అసలు కావలసినది మాత్రం ఇది కాదు. పార్కు టికెట్టు కొనేటప్పుడే, ఆరుగురు మనుషులు ఆ రోజు మామూలు వరసల్లో కాక ముఖ్యమైన ఆటలు ఎక్కి, కారు నిలిపి, ఒక పూట కూర్చుని తింటే, పన్నులూ వడ్డించేవారి జీతమూ కలిపి ఎంతవుతుందో ఒక్క అంకెగా చెప్పాలి. ఆ అంకె చూసి కొన్ని కుటుంబాలు వెనుదిరుగుతాయి. ముక్కలుగా చెప్పడంలోని ప్రయోజనమే అది: వెనుదిరగవలసినవారు వెనుదిరగకుండా లోపలికి వచ్చి, అప్పు కార్డు మీద వెళ్ళడం.

కండక్టరు ఉద్యోగంలో నాన్నగారికి ప్రతి స్టేజీ దగ్గరా అమ్మిన టికెట్ల నంబర్లు కాగితం మీద ఎక్కించే పని ఉండేది. దిగేటప్పుడు సంచీలోని డబ్బు ఆ కాగితంతో సరిపోవాలి. ఓర్లాండోలోనూ ఆయన చిన్న నోటు పుస్తకంలో రోజువారీ ఖర్చు రాశారు. టిక్కెట్లు, పార్కింగు, పెట్రోలు, తిండి అని నిలువు గీతలు కొట్టుకున్నారు. చివరి రోజు పొద్దున గది ఖాళీ చేసేటప్పుడు, ఎవరూ చెప్పకుండానే, దీపం కింద ఐదు డాలర్లు పెట్టారు. ముందురోజు ఆ కుర్రవాడు తీసుకోని నోటే అది. నేను చూసిన సంగతి గమనించి, “ఆవిడ మనల్ని అడగలేదుగా” అన్నారు.

జూన్‌లో తెనాలికి తిరిగి వెళ్ళేటప్పుడు ఆ పుస్తకం ఇక్కడే వదిలి వెళ్ళారు. ఆ ఐదు డాలర్లను ఏ గీత కిందా రాయకుండా, విడిగా, గది ఊడ్చినావిడకు అని రాసుకున్నారు. 30.24ను తిండి కింద వేశారు. 41.83కు ఎదురుగా మాత్రం వివరం గడి ఖాళీగా ఉంది.